ఆ పోస్టులో ‘మనం’ ఉందా?

(ఉద్యోగుల సభలో ఒక కార్మిక న్యాయవాది చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినిపిస్తోందా? సరే.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ఒకప్పుడు కాగితాల కట్ట చంకన పెట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు ఫోన్ పట్టుకుని వస్తున్నారు. కొన్నేళ్ల కిందట ఒకాయన వచ్చారు. కుర్చీలో కూర్చోకముందే ఫోన్ నా టేబుల్ మీద పెట్టేశారు. అందులో ఒక స్క్రీన్‌షాట్. రాత్రి పదకొండు దాటాక ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టు, నాలుగు ముక్కలు. “తొమ్మిదేళ్లు గొడ్డుచాకిరీ చేశాను. ఈ కంపెనీకి మనిషంటే లెక్కలేదు. మా మేనేజర్‌కి సిగ్గు అనే మాటకి అర్థం తెలీదు. ఎవరూ ఇక్కడ చేరకండి.”

ఇరవై నిమిషాలకే మనసు మార్చుకుని ఆయనే తీసేశారు. కానీ ఈలోపే ఎవరో పుణ్యాత్ముడు స్క్రీన్‌షాట్ తీసి హెచ్‌ఆర్‌కి పంపాడు. వారం తిరక్కుండా ఉద్యోగం పోయింది.

ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “సార్, నాకు వాక్ స్వాతంత్ర్యం లేదా?”

“ఉంది. ఎవరి మీద?” అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. లాయరు మారిస్తే మంచిదేమో అనుకున్నట్టున్నారు. (నవ్వులు) ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఆ “ఎవరి మీద” అన్న మాట చుట్టూనే తిరుగుతుంది.

రాజ్యాంగాలు తీసి చూడండి. అమెరికా రాజ్యాంగంలో మొదటి సవరణ మొదలయ్యేదే “కాంగ్రెస్ ఫలానా చట్టం చేయరాదు” అని. మన 19(1)(ఎ) అధికరణం కూడా ముఖ్యంగా రాజ్యం చేతులు కట్టేయడానికి పుట్టిందే. యూరప్ మానవ హక్కుల ఒడంబడికలో 10వ అధికరణమూ అంతే. మీరు మాట్లాడినందుకు పోలీసులు తలుపు కొట్టకూడదు, ప్రభుత్వం మీ నోరు నొక్కకూడదు. మీ కంపెనీ యజమాని ప్రభుత్వం కాడు. మీకూ ఆయనకూ మధ్య ఉన్నది రాజ్యాంగం కాదు, ఒక కాంట్రాక్టు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అదీ సరిగ్గా ఉండదు. కారణం చెప్పకుండానే తీసేయొచ్చు.

మినహాయింపులు లేకపోలేదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం రాజ్యాంగ వాక్ స్వాతంత్ర్యాన్ని చట్టం ద్వారా ప్రైవేటు ఉద్యోగులకు కూడా ఇచ్చింది, అదీ కొన్ని షరతులతో. యూరప్ మానవ హక్కుల కోర్టు ఏమంటుందంటే, ప్రైవేటు యజమాని అన్యాయంగా తీసేస్తే ఆ ఉద్యోగిని కాపాడే బాధ్యత దేశానికి, దాని కోర్టులకు ఉంటుంది అని. మన సుప్రీంకోర్టు 2023లో కౌశల్ కిశోర్ కేసులో, 19వ, 21వ అధికరణాల హక్కులను ప్రైవేటు వ్యక్తుల మీద కూడా కోరవచ్చని మెజారిటీతో చెప్పింది. చదవడానికి బాగుంటుంది. దాన్ని పట్టుకుని రేపు పొద్దున్నే పోయిన ఉద్యోగం వెనక్కి తెచ్చుకోవడం మాత్రం వేరే సంగతి. నేనైతే నా క్లయింటుకి ఆ ఆశ పెట్టను.

ప్రభుత్వోద్యోగి పరిస్థితి వేరు. ఆయన యజమానే ప్రభుత్వం కదా, కాబట్టి రాజ్యాంగం నేరుగా లోపలికి వస్తుంది. 1968లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన పికరింగ్ కేసు దీనికి పునాది. ఇల్లినాయ్‌లో ఒక స్కూల్ టీచరు. స్కూల్ బోర్డు డబ్బు ఎలా ఖర్చు పెడుతోంది, చదువుకెంత, ఆటలకెంత అని విమర్శిస్తూ స్థానిక పత్రికకు ఉత్తరం రాశాడు. తీసేశారు. ఉత్తరంలో కొన్ని లెక్కలు తప్పు కూడా. అయినా కోర్టు ఆయన పక్షాన నిలబడింది. తెలిసి తెలిసి అబద్ధమాడలేదు, మాట్లాడింది జనానికి సంబంధించిన విషయం, స్కూలు నడవడానికి దానివల్ల ఇబ్బందేం రాలేదు అంది. 1983లో ఇంకో కేసు వచ్చింది. న్యూ ఆర్లీన్స్‌లో ఒక మహిళా ప్రభుత్వ న్యాయవాది తన బదిలీ నచ్చక ఆఫీసులో ఒక ప్రశ్నాపత్రం పంచింది. బదిలీల విధానం మీద, పై అధికారుల మీద నమ్మకం ఉందా లేదా అన్న దాని మీద ప్రశ్నలు. ఉద్యోగం పోయింది. కోర్టులో ఆమె ఓడిపోయింది. ఎక్కువ భాగం ఆఫీసు గొడవే, ప్రజా విషయం కాదు అంది కోర్టు. జడ్జిల్లో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు.

2006లో వచ్చిన గార్సెట్టి తీర్పు గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ కాస్త మంటే. లాస్ ఏంజెలిస్‌లో ఒక ప్రభుత్వ న్యాయవాది, సోదా వారంటు కోసం ఇచ్చిన అఫిడవిట్‌లో తప్పులున్నాయని పై అధికారికి మెమో రాశాడు. తర్వాత తన మీద కక్ష సాధించారని కోర్టుకెళ్లాడు. కోర్టు ఏమందంటే, ఉద్యోగ బాధ్యతలో భాగంగా రాసిన మాటకి మొదటి సవరణ రక్షణ లేదు అని. ఒకసారి ఆలోచించండి. ఇదే మాట పత్రికకు రాసి ఉంటే వాదించుకోవడానికి దారి ఉండేది. పద్ధతిగా పై అధికారికి చెప్పినందుకు దారి మూసుకుపోయింది. ఇంట్లో చెప్పకు, వీధిలోకెళ్లి కేకలెయ్యి అన్నట్టు లేదూ? ఆ తీర్పుతో విభేదించిన జడ్జి ఒకరు దాదాపు ఇదే బాధ వ్యక్తం చేశారు.

మన దగ్గర 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో, ప్రభుత్వోద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు గుమ్మం బయట వదిలి రానక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. సమ్మె హక్కు లేదు గానీ శాంతియుత ప్రదర్శనలన్నిటినీ టోకున నిషేధించడం కుదరదంది. అయితే కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలో 9వ రూలు, ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించొద్దని ఇప్పటికీ చెబుతూనే ఉంది. ఈ రెంటి మధ్యే అందరూ నలుగుతున్నారు. 2020లో త్రిపుర హైకోర్టుకి ఒక కేసు వచ్చింది. మత్స్యశాఖ ఉద్యోగిని, రిటైర్‌మెంటుకి కొద్ది రోజుల ముందు సస్పెండ్ చేశారు. రాజకీయ సభకి వెళ్లిందని ఒకటి, ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిందని ఇంకొకటి. హైకోర్టు ఆమె మీద చర్యను కొట్టేసింది. తన అభిప్రాయం తాను కలిగి ఉండటానికి, రూల్స్ గీసిన హద్దులో చెప్పుకోవడానికి ఆమెకు హక్కుంది అంది.

సరే, ఈ హాల్లో ఎక్కువమంది ప్రైవేటు ఉద్యోగులు కదా. మీకు ఏముంది?

వాక్ స్వాతంత్ర్యం అన్న పేరుతో పెద్దగా ఏమీ లేదు. కానీ ఇంకో దారిలో ఒక గట్టి రక్షణ వచ్చింది, అది చాలామందికి తెలియదు. అమెరికాలో 1935లో ఒక కార్మిక చట్టం చేశారు. దాని 7వ సెక్షన్ ప్రకారం, పని పరిస్థితుల గురించి ఉద్యోగులు కలిసి మాట్లాడుకోవడం, కలిసి అడగడం హక్కు. యూనియన్ ఉండక్కర్లేదు. జీతాలు ఒకరికొకరు చెప్పుకోవడం కూడా అందులోకే వస్తుంది. ఫేస్‌బుక్ కలలో కూడా లేని రోజుల్లో రాసిన చట్టం. సూపర్‌వైజర్లకు, ప్రభుత్వ ఉద్యోగులకు, పొలం కూలీలకు, ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఇది వర్తించదు, అది వేరే అన్యాయం. మిగతావాళ్లకి మాత్రం సోషల్ మీడియా కాలంలో ఆ పాత సెక్షనే అక్కరకొచ్చింది.

తెలుగువాళ్లకి ఇది అర్థం చేసుకోవడం తేలిక. మనకి ‘నేను’ ఉంది, ‘మేము’ ఉంది, ‘మనం’ ఉంది. ‘మేము’ అంటే వింటున్నవాడు బయట. ‘మనం’ అంటే వింటున్నవాడు లోపల. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకే మాట, పాపం. కానీ అమెరికాలో ఆ చట్టాన్ని అమలు చేసే కార్మిక బోర్డు పోస్టుల మీద ఇచ్చిన తీర్పులు చదివితే, వాళ్లు వెతుకుతున్నది అచ్చంగా మన ‘మనం’నే అనిపిస్తుంది. ఈ పోస్టు ఒక్కడి కడుపుమంటా, లేక తోటి ఉద్యోగిని లోపలికి పిలుస్తోందా?

బఫెలో నగరంలో ఒక స్వచ్ఛంద సంస్థ. అక్కడ ఒక ఉద్యోగిని, మిగతావాళ్లు సరిగ్గా పనిచేయడం లేదని పైవాళ్లకి చెబుతానంటోంది. విసిగిపోయిన ఇంకో ఉద్యోగిని 2010లో ఒక సెలవు రోజున, ఇంటి నుంచి ఫేస్‌బుక్‌లో రాసింది. ఫలానా ఆమె మనం సరిగ్గా సాయం చేయడం లేదంటోంది, తోటి ఉద్యోగులారా, మీకేమనిపిస్తోంది అని. నలుగురు జవాబులు రాశారు. కొన్ని కాస్త ఘాటుగానే ఉన్నాయి. సంస్థ అయిదుగురినీ తీసేసింది. తోటి మనిషిని వేధించారు అన్నది కారణం. 2012లో బోర్డు అయిదుగురినీ తిరిగి తీసుకోమంది. వాళ్లు అప్పటికి యజమానిని ఏమీ అడగలేదు, సంతకాల కాగితమూ లేదు. అయినా తమ మీద రాబోయే ఫిర్యాదుని కలిసి ఎదుర్కోవడానికి అదే మొదటి అడుగు అంది. ఆ కేసు మొత్తాన్ని నిలబెట్టింది “మీకేమనిపిస్తోంది” అన్న ఒక్క ప్రశ్న అని నేను నమ్ముతాను.

ఇంకో కేసు నాకు మరీ ఇష్టం, ఎందుకంటే ఒకే మనిషి ఒకే రోజు రెండు పోస్టులు పెట్టాడు. ఇల్లినాయ్‌లో ఖరీదైన కార్లమ్మే షోరూం. కొత్త మోడల్ కోసం పెద్ద ఈవెంట్ పెట్టి, వచ్చిన కస్టమర్లకి హాట్‌డాగ్‌లు, చిప్స్ పెట్టారు. సేల్స్‌మెన్‌కి తలకొట్టేసినట్టయింది. అంత కారు కొనడానికొచ్చినవాళ్లకి ఇదా మర్యాద, మన కమిషన్ దెబ్బతింటుంది అని మీటింగులో ముందే అన్నారు కూడా. ఒక సేల్స్‌మన్ ఆ ఫోటోలు పెట్టి ఫేస్‌బుక్‌లో వెటకారమాడాడు. అదే రోజు ఇంకో పోస్టు. పక్కనున్న అదే యజమాని షోరూంలో, టెస్ట్ డ్రైవ్ అయ్యాక ఒక పదమూడేళ్ల కుర్రాడు డ్రైవరు సీట్లో కూర్చుని కారుని చెరువులోకి తోలేశాడు. ఆ ఫోటో కూడా పెట్టి నవ్వులాట ఆడాడు. ఉద్యోగం పోయింది. విచారించిన న్యాయాధికారి ఏమన్నాడంటే, హాట్‌డాగ్‌ల పోస్టుకి రక్షణ ఉంది, ఎందుకంటే అది అందరి కమిషన్ సంగతి. చెరువు పోస్టుకి లేదు, అది ఎవరి పని పరిస్థితికీ సంబంధించింది కాదు. కంపెనీ తీసేసింది చెరువు పోస్టు కోసమేనని తేలడంతో ఆయన ఓడిపోయాడు. 2012లో బోర్డు తొలగింపు సరైనదే అంది. చూడండి, మనకి పనికిమాలినదనిపించే హాట్‌డాగ్ గెలిచింది, సంచలన వార్త ఓడింది.

లైక్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎలాగూ అడుగుతారు. కనెక్టికట్‌లో ఒక బార్. జీతాల్లో పన్ను సరిగ్గా కోయలేదు, ఇప్పుడు నేను ఎదురు కట్టాల్సి వస్తోంది అని ఒక మాజీ ఉద్యోగిని పోస్టు పెట్టింది. ఒక వంటవాడు లైక్ కొట్టాడు. ఇంకో ఉద్యోగిని నేనూ కట్టాలి అంటూ యజమానిని ఒక బూతు మాటతో తిట్టింది. ఇద్దరినీ తీసేశారు. 2014లో బోర్డు, 2015లో అప్పీలు కోర్టు ఆ ఇద్దరి వైపే తీర్పిచ్చాయి. ఆ లైక్ అంటే పన్ను గొడవలో నేనూ ఉన్నాను అని చెప్పడమే అని తేల్చారు. 2013లో వర్జీనియాలో షెరిఫ్, అంటే ఎన్నికలో గెలిచి వచ్చే స్థానిక పోలీసు అధికారి, ఆఫీసు కేసులో, ఒక ఉద్యోగి ఎన్నికల్లో ఆ షెరిఫ్ ప్రత్యర్థి పేజీకి కొట్టిన లైక్ కూడా మాట కిందే లెక్క అని ఇంకో అప్పీలు కోర్టు చెప్పింది. అంతకుముందు కింది కోర్టు, లైక్ అసలు మాటే కాదు పొమ్మంది. టర్కీలో విద్యాశాఖ దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసే ఒక పారిశుధ్య కార్మికురాలిని, కొన్ని పోస్టులకు లైక్ కొట్టిందని తీసేస్తే, 2021లో యూరప్ మానవ హక్కుల కోర్టు అది తప్పంది. ఆమె స్థాయి మనిషి కొట్టిన లైక్‌ని ఎంతమంది చూస్తారు, దానివల్ల పనిచోట ఏం అల్లకల్లోలమైంది అన్నవి అక్కడి కోర్టులు సరిగ్గా చూడలేదు అంది.

మరి తిట్లు? దీనికి సూటి జవాబు లేదు, కాలాన్ని బట్టి బోర్డు కూడా మాట మారుస్తూ ఉంటుంది. న్యూయార్క్‌లో ఒక క్యాటరింగ్ కంపెనీ సర్వర్, సూపర్‌వైజర్ కసిరాడన్న కోపంతో, అతన్నీ అతని తల్లినీ కలిపి ఫేస్‌బుక్‌లో తిట్టాడు. చివర్లో మాత్రం యూనియన్‌కి ఓటెయ్యండి అని రాశాడు. రెండు రోజుల్లో యూనియన్ ఎన్నిక ఉంది. 2017లో అప్పీలు కోర్టు, ఇది హద్దు చివరి అంచున ఉంది గానీ దాటలేదు అని ఒడ్డునపడేసింది. అట్లాంటిక్‌కి అవతల, బార్సిలోనాలో యూనియన్ పత్రికలో సాటి ఉద్యోగుల మీద అసభ్యమైన కార్టూన్ వేసినవాళ్లు 2011లో యూరప్ కోర్టులో ఓడిపోయారు. యూనియన్ పత్రిక అన్న గొడుగు కూడా వాళ్లని కాపాడలేదు. నా సలహా అడిగితే, మనిషి తల్లిని వదిలేసి మనిషి చేసిన పనిని తిట్టండి.

ఇంకో హద్దుంది. సరుకుని తిట్టడం. 1953లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసు. షార్లట్ నగరంలో ఒక టీవీ స్టేషన్ టెక్నీషియన్లకీ యాజమాన్యానికీ గొడవ. వాళ్లు కరపత్రాలు పంచారు. కానీ వాటిలో తమ గొడవ గురించి ఒక్క ముక్క లేదు. ఈ స్టేషన్ కార్యక్రమాలు నాసిరకం అని మాత్రమే రాశారు. తొలగింపు చెల్లుతుందని కోర్టు తేల్చింది. మీ బాధ చెప్పకుండా కంపెనీ సరుకు బాగోలేదని జనానికి చాటితే, అది ద్రోహం కిందికి పోతుంది. ఫేస్‌బుక్ ఉన్నా లేకపోయినా ఈ తేడా ఇప్పటికీ నడుస్తోంది. రహస్య సమాచారం, అబద్ధపు ఆరోపణలు, కస్టమర్ల వివరాలు, వీటి జోలికి పోతే రక్షణ దొరకడం కష్టం. దాని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు.

మరి నిజంగా తప్పు జరుగుతోంటే నోరు మూసుకోవాలా అంటారు. అక్కర్లేదు, కానీ వరస ఉంది. బెర్లిన్‌లో వృద్ధాశ్రమంలో పనిచేసే ఒక నర్సు, సిబ్బంది చాలడం లేదు, ముసలివాళ్లకి సంరక్షణ అందడం లేదు అని యాజమాన్యానికి పదేపదే చెప్పింది. తనిఖీలో కూడా లోపాలు బయటపడ్డాయి. ఏమీ మారలేదు. చివరికి క్రిమినల్ ఫిర్యాదు ఇచ్చింది, ఉద్యోగం పోయింది. 2011లో యూరప్ కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఆమె ముందు లోపల ఎన్నిసార్లు చెప్పి చూసిందో కోర్టు లెక్కలోకి తీసుకుంది. సంస్థల్లో జరిగే తప్పులు బయటపెట్టేవాళ్లను కాపాడటానికి 2019లో వచ్చిన యూరోపియన్ యూనియన్ ఆదేశం కూడా సుమారుగా ఇదే చెబుతుంది. సంస్థ లోపల గానీ, సంబంధిత అధికారుల దగ్గర గానీ చెప్పండి, బహిరంగంగా చెప్పడానికి మాత్రం కొన్ని షరతులున్నాయి అని. పోస్టు మొదటి మెట్టు కాకూడదు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభికుల నుంచి: పేరు మార్చి రాస్తే ఏమీ కాదు కదండీ?)

అందరూ ఇదే అడుగుతారు. ఆస్ట్రేలియాలో ఇమ్మిగ్రేషన్ శాఖ ఉద్యోగిని ఒకరు మారుపేరుతో ట్వీట్లు పెట్టారు. ఒకటీ రెండూ కాదు, తొమ్మిది వేలకు పైగా. చాలావాటిలో తన శాఖ మీద, ప్రభుత్వ విధానం మీద విమర్శ. అది ఎవరి ఖాతానో ఆఫీసు కనిపెట్టింది, ఉద్యోగం పోయింది. 2019లో ఆ దేశపు హైకోర్టు, అంటే అక్కడ అదే అత్యున్నత కోర్టు, తొలగింపు చెల్లుతుందంది. ఒక్క జడ్జి కూడా విభేదించలేదు. మీ రాత శైలిని మీ పక్క సీటువాడు గుర్తుపట్టలేడనుకుంటున్నారా? అక్షర దోషాలతో సహా గుర్తుపడతాడు. (నవ్వులు)

(సభికుల నుంచి: చేరేటప్పుడే సోషల్ మీడియా పాలసీ మీద సంతకం పెట్టించుకున్నారు. ఇంక అయిపోయినట్టేనా?)

అయిపోలేదు. సంతకం పెట్టినంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు చెరిగిపోదు. కంపెనీ పరువు తీసే మాటేదీ రాయకూడదు అన్నంత వెడల్పుగా రాసిన రూల్సుని అమెరికా బోర్డు చాలాసార్లు కొట్టేసింది. ఆ రూలు చదివితే మామూలు ఉద్యోగి జీతం గురించి మాట్లాడటానికి కూడా జంకుతాడా అని 2023లో మళ్లీ కొలత పెట్టింది. బ్రిటన్‌లో 2012లో ఇంకో రకం కేసు వచ్చింది. హౌసింగ్ సంస్థ మేనేజరు, పని వేళల బయట, తన సొంత పేజీలో చర్చిలో పెళ్లిళ్ల గురించి ఒక అభిప్రాయం రాశాడు. స్థాయి తగ్గించి, జీతంలో నలభై శాతం కోశారు. అది కాంట్రాక్టు ఉల్లంఘన అని హైకోర్టు తేల్చింది. గెలిచాడు. నష్టపరిహారం ఎంతో తెలుసా? 98 పౌండ్లు. కొత్త పదవిని ఒప్పుకుని చేరిపోయాడు కాబట్టి అంతకంటే ఇవ్వడానికి చట్టంలో దారి లేదని జడ్జే నొచ్చుకున్నాడు. గెలుపు వేరు, దక్కేది వేరు.

(సభికుల నుంచి: మొదట్లో చెప్పిన ఫోన్ ఆయన సంగతేమైంది సార్?)

మర్చిపోతారేమో అనుకున్నాను. ఆయన నాకు చూపించింది పోస్టు వరకే కత్తిరించిన బొమ్మ. కంపెనీ తమ నోటీసుకి పూర్తి స్క్రీన్‌షాట్ జతచేసింది. ప్రింటు తీసి చూస్తే కింద రెండు కామెంట్లున్నాయి. ఒకటి, “అన్నా, మాకూ మూణ్నెల్ల ఓటీ రాలేదు.” రెండోది, “నాక్కూడా. సోమవారం అందరం వెళ్లి అడుగుదామా?”

నా కేసంతా ఆ రెండు కామెంట్ల మీదే కట్టాను. స్క్రీన్‌షాట్ తెచ్చింది వాళ్లే కాబట్టి కాదనలేకపోయారు. రాజీ కుదిరింది. తొలగింపు కాస్తా రాజీనామా అయింది, ముగ్గురికీ ఓటీ బకాయి వచ్చింది. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. అవతలి లాయరు ఆ కామెంట్ల కిందున్న ఒక లైను పట్టుకుని వదల్లేదు. అది మా ఆయన ఇచ్చిన జవాబే. “వదిలేయండ్రా, పడుకోండి.”